తమ్ముడి కోసం హోమ్ వెతికాం: పెద్ద సంస్థా, చిన్న ఇల్లా, ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడమా?

మా తమ్ముడికి 36 ఏళ్లు. బుద్ధిమాంద్యం, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు, దానికి తోడు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాటలు వస్తాయి కానీ కొత్తవాళ్లకు అర్థం కావు. స్నానం తనే చేస్తాడు కానీ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చూసుకోడు. టీ అంటే ప్రాణం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే చూసుకునేది, ఈలోగా ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, ఒకరోజు బాత్రూంలో వాడికి ఫిట్స్ వస్తే లేపలేక పక్కింటివాళ్లను కేకేసింది. ఆ రాత్రి నుంచి వాణ్ని ఉంచుకుని చూసుకునే హోమ్ కోసం మా వెతుకులాట మొదలు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏడాదిన్నరలో తొమ్మిది చోట్లు చూశాం. అందులో ఐదింటిని గేటు దగ్గరే వద్దనుకోవాల్సింది, కానీ అప్పటికి ఏం చూడాలో తెలియదు, బిల్డింగు చూసి, గార్డెన్ చూసి, ఆఫీసు రూములో మేడం మాట్లాడే తీరు చూసి మురిసిపోయాం.

ఇప్పుడెవరైనా నన్నడిగితే మొదట చెప్పేది ఇదీ: పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. మనవాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎన్నిటిలో తన మాట చెల్లుతుందన్నది మొదటి ప్రశ్న. ఏ చొక్కా వేసుకోవాలి, కూర ఇంకాస్త కావాలా వద్దా, ఇప్పుడు స్నానమా తర్వాతా, ఎవరి పక్కన కూర్చోవాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ఉద్యోగం, పెళ్లి, ప్రయాణం లాంటి పెద్ద నిర్ణయాలేవీ లేని మనిషికి బతుకంతా ఇవే.

ఇంట్లోనే ఉంచి మనిషిని పెట్టుకోవడం

అందరూ మొదట చేసేది ఇదే, మేమూ చేశాం. ఏజెన్సీ ద్వారా 24 గంటల అటెండర్‌కు మమ్మల్ని నెలకు 24 వేలు అడిగారు, తిండి, వసతి మనదే. ఎనిమిది నెలల్లో నలుగురు మారారు. ఒకతను రోజంతా ఫోన్లో రీల్స్, ఇంకొకతను బాగానే ఉండేవాడు కానీ దసరాకు ఊరెళ్లి తిరిగి రాలేదు. మూడో అతను బంగారం. తమ్ముడికి గడ్డం గీసుకోవడం నేర్పాడు, మేం ఇరవై ఏళ్లలో చేయలేని పని అది. కానీ వాళ్లింట్లో ఏదో అవసరం వచ్చి మానేశాడు, ఆ తర్వాత నెలరోజులు తమ్ముడు సాయంత్రాలు గేటు దగ్గర నిలబడేవాడు.

దీనిలో ఉన్న సౌకర్యం మీకు తెలుసు, సొంత ఇల్లు, సొంత మంచం, అమ్మ చేతి వంట. ఇబ్బంది ఏంటంటే అతను సెలవు పెడితే ఆ రోజు మళ్లీ అమ్మే. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఇంకో పెద్దమనిషి లేకపోతే అటెండర్‌ను చూసే మనిషి కూడా లేనట్టే, తలుపు వేశాక లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి, తమ్ముడికి స్నేహితులు లేరు. ఇరవై ఏళ్లు నిండి స్పెషల్ స్కూలు ఆగిపోయాక వాడు మాట్లాడింది మాతో, కూరగాయల బండివాడితో, అంతే. దగ్గర్లో డే సెంటర్ ఉంటే ఈ దారి చాలావరకు నడుస్తుంది. మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ల దిశ-కమ్-వికాస్ పథకం కింద నడిచే డే కేర్ సెంటర్లు అలాంటివే. పగలు అక్కడ, రాత్రి ఇంట్లో. ఇంటి పెద్దలకు ఓపిక ఉన్నంతకాలం దీన్ని మించింది లేదనే నా అభిప్రాయం. మా ఇంట్లో ఆ ఓపిక అయిపోయింది.

పెద్ద సంస్థ

ఎనభై మందికి పైగా ఉండే ఒక చోటుకు వెళ్లాం. ఆవరణ పెద్దది, చెట్లున్నాయి, వారానికి రెండుసార్లు డాక్టరు వస్తారు, ఫిజియోథెరపీ గది, కాగితం కవర్లు చేసే షెడ్డు. ఒక ఆయా మానేస్తే ఇంకొకరున్నారు, అది నిజంగా పెద్ద ధీమా. నాకు అన్నీ నచ్చాయి, వెనకవైపు బట్టలారేసిన తీగ చూసేదాకా. బనియన్ల మీద, టవళ్ల మీద మార్కర్‌తో నంబర్లు. 17, 41, 58. పక్కనున్న వార్డెన్ చాలా మామూలుగా, "మీవాడికి 83 వస్తుందండీ" అంది. ఆవిడ తప్పేం లేదు, ఎనభై మంది బట్టలు కలిసిపోకుండా చూడాలంటే ఇంకేం చేస్తుంది. కానీ అమ్మ కారెక్కేదాకా మాట్లాడలేదు.

పెద్ద సంస్థలన్నీ చెడ్డవి అనడం లేదు. ఫిట్స్ తరచుగా వచ్చేవాళ్లకు, ముక్కు గొట్టంతో తిండి పెట్టాల్సిన వాళ్లకు, మంచం దిగలేని వాళ్లకు నర్సు 24 గంటలూ ఉండే చోటు కావాలి, చిన్న హోముల్లో అది దొరకడం కష్టం. నడిచి, తిని, తన ఇష్టాయిష్టాలు చెప్పగలిగిన మనిషికి మాత్రం అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. తమ్ముడు పొద్దున ఆరింటికి లేచి వెంటనే టీ తాగుతాడు. అక్కడ టీ ఏడున్నరకు, అందరికీ ఒకేసారి, పాలు చక్కెర కలిపే పెద్ద గిన్నెలోంచి. మీరు నవ్వుకుంటారేమో కానీ మేం ఆ చోటు వద్దనుకోవడానికి సగం కారణం ఆ గంటన్నరే.

చిన్న హోమ్

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఆరుగురో, ఎనిమిదిమందో ఉండే ఇళ్లు, మామూలు కాలనీలో అద్దెకు తీసుకున్న ఇండిపెండెంట్ హౌస్, బయట బోర్డు కూడా చిన్నది. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఇలాంటివి చాలా వచ్చాయి. వీటిని చూడగానే "ఇల్లులా ఉంది" అనిపిస్తుంది, అక్కడే పొరబడతాం.

రెండు చిన్న హోముల గురించి చెబుతాను, రెండూ ఏడుగురి లోపే.

మొదటిదానికి పదకొండు గంటలకు వెళ్లాం. నడిపేది భార్యాభర్తలు, మర్యాదగా మాట్లాడారు, ఇల్లు అద్దంలా ఉంది. హాల్లో ఐదుగురు మగవాళ్లు వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో టీవీ ముందు. టీవీలో వంటల ప్రోగ్రాం. ఎవరూ టీవీ చూడటం లేదు, మేం లోపలికి వస్తే ఎవరూ తల తిప్పలేదు. మామూలుగా ఇలాంటి చోట్లకు వెళ్తే ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారు, ఇంకొకరు మన బ్యాగులో ఏముందో చూస్తారు, ఎవరో ఒకరు పేరడుగుతారు. ఇక్కడ ఏమీ లేదు. "చాలా కామ్‌గా ఉన్నారండీ" అని నేనే అన్నాను, మెచ్చుకోలుగా. ఆయన, "రాత్రి ఒక మాత్ర వేస్తామండి, గొడవుండదు" అన్నాడు. ఎవరు రాసిచ్చారు అంటే, "మా తెలిసిన డాక్టరుగారే." ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఉందా అంటే మాట మార్చాడు.

రెండో దానికి సాయంత్రం ఏడింటికి, చెప్పకుండా వెళ్లాం. గోడలకు పెచ్చులు ఊడుతున్నాయి, హాల్లో సైకిల్, ఒక మూల ఉల్లిపాయల బస్తా. మేం వెళ్లేసరికి భోజనాలవుతున్నాయి. ఒకాయన, యాభై దాటినట్టున్నాడు, కంచం ముందు కూర్చుని తినడం లేదు. వంటమనిషి వచ్చి "అన్నం ఇప్పుడు పెట్టనా రాజుగారూ, ఇంకాసేపాగుతారా?" అంది. ఆయన చెయ్యి ఊపాడు. కంచం మీద మూత పెట్టి వెళ్లిపోయింది. బతిమాలలేదు, కసరలేదు, నోట్లో కుక్కలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయనే వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, వేడి చేసి పెట్టింది. ఆ ఇరవై నిమిషాలు చూశాక నాకు బ్రోషర్ అక్కర్లేకపోయింది. పైగా "గారూ" అంది. మిగతా చాలా చోట్ల నలభై ఏళ్ల మనిషిని కూడా "మా పిల్లలు" అంటారు, ప్రేమగానే అంటారు, కాదనను. కానీ పిల్లాడనుకున్న మనిషిని ఏదీ అడగరు, అన్నీ మనమే నిర్ణయిస్తాం. మేమూ ఇంట్లో అదే చేశామని అక్కడే అర్థమైంది.

కాబట్టి చిన్నదైతే చాలు అనుకోకండి. చిన్న ఇంట్లో పనివాళ్లు ఇద్దరో ముగ్గురో, ఒకరు రాకపోతే ఆ రోజు అంతా తలకిందులు. బయటి మనిషి లోపలికి రాడు, డాక్టరు రాడు, విద్యార్థులు రారు, చూసే కళ్లు లేవు. మా పిన్ని కూతురు ఇంగ్లండ్‌లో ఇలాంటి చిన్న హోమ్‌లోనే కేర్ వర్కర్. అక్కడ మాత్ర వేసిన ప్రతిసారీ వేసినవాళ్లు షీటులో సంతకం పెట్టాలట, మనిషి మాత్ర వద్దంటే అదీ రాయాలట. కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ తనిఖీ చేసి నాలుగు మెట్లలో రేటింగు ఇస్తుంది, దాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. అంత ఏర్పాటు ఉన్న దేశంలోనే 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే 24 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో మేధో వైకల్యం ఉన్నవాళ్లను సిబ్బంది కొట్టి, ఈడ్చి, హింసించడం బీబీసీ పనోరమా రహస్య కెమెరాలో బయటపడింది. అక్కడ పనిచేసిన ఒక నర్సు ముందే ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోలేదు. చివరకు 11 మంది నేరం ఒప్పుకున్నారు, ఆరుగురు జైలుకెళ్లారు. మనకు ఆ రేటింగూ లేదు. ఉన్న తనిఖీ మనమే, మనం ఎన్నిసార్లు, ఏ వేళలో వెళ్తామన్నదే.

తల్లిదండ్రులు కలిసి నడిపేవి

ఇంకో రకం ఉంది, పది పదిహేను కుటుంబాలు ట్రస్టుగా ఏర్పడి ఇల్లు కట్టుకుని నడిపేవి. వీటిలో నాకు నచ్చింది, ఎప్పుడూ ఎవరో ఒక అమ్మో నాన్నో అక్కడ తిరుగుతూనే ఉంటారు, పప్పులో ఉప్పెక్కువైనా అడిగేవాళ్లుంటారు. నచ్చనిది, ఆ అమ్మానాన్నలకూ డెబ్భై వస్తున్నాయి. పదేళ్ల తర్వాత ట్రస్టులో ఎవరుంటారు, తోబుట్టువులను సభ్యులుగా చేర్చుకున్నారా, ఇల్లు ట్రస్టు పేరు మీదుందా ఒకరి పేరు మీదుందా, ఇవి అడగాలి. అడిగితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. డిపాజిట్ లక్షల్లో ఉంటుంది, అది కాగితం మీద ఉండాలి, మనవాడు ఆరు నెలలకే ఇమడలేక తిరిగొస్తే ఎంత వెనక్కిస్తారు, వాళ్లే పంపేస్తే ఎంత, హోమ్ మూసేస్తే ఎంత, మూడు ప్రశ్నలకు మూడు వేరే జవాబులు రావాలి. ఆస్తి రాసిచ్చేస్తే జీవితాంతం చూసుకుంటాం అని నోటిమాటగా అన్నచోట టీ కూడా తాగకుండా లేచి వచ్చాం.

వెళ్లినప్పుడు ఏం చూడాలి

పగలు పదకొండుకు ఏ హోమైనా బాగుంటుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య వెళ్లండి. అప్పుడు పగటి సిబ్బంది వెళ్లిపోతారు, వంట జరుగుతుంటుంది, ఉన్నవాళ్లు అలిసిపోయి విసుగ్గా ఉంటారు. ఐదున్నరకే భోజనాలు పెట్టేసి ఆరున్నరకు పక్కలేస్తున్నారంటే వాళ్లకు ఆకలేసి, నిద్రొచ్చి కాదు, రాత్రి డ్యూటీకి ఒక్కరే ఉన్నారని అర్థం. రాత్రి ఎంతమంది ఉంటారు, ఆ మనిషి మెలకువగా ఉంటాడా పడుకుంటాడా, ఫిట్స్ వస్తే ఏం చేస్తాడు అని నేరుగా ఆ మనిషినే అడగండి, మేనేజర్‌ను కాదు. మేం ఒకచోట అలా అడిగితే "చేతిలో తాళంచెవి పెడతామండీ" అన్నాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి, ఈ నాలుగు మాటలు రాని మనిషి చేతిలో రాత్రిపూట ఫిట్స్ ఉన్నవాణ్ని ఎలా పెడతాం.

బాత్రూం చూడండి, సిగ్గుపడకండి. లోపలి గడియ ఉందా, గడియ పడితే బయట నుంచి తీసే వీలుందా, బ్రష్షులు ఎవరివి వాళ్లవేనా, సబ్బులు ఎన్ని. మందుల అలమర తీయించి చూడండి, ప్రతి మనిషికి వేరే డబ్బా, దానితో డాక్టరు చీటీ, వేసినట్టు రాసుకున్న పుస్తకం. సిబ్బందిలో అందరికంటే పాత మనిషి ఎన్నేళ్ల నుంచి ఉన్నారో అడగండి. ఆర్నెల్లకోసారి అందరూ మారిపోతుంటే గోడ మీద ఎన్ని అవార్డు ఫొటోలున్నా లాభం లేదు, మాటలు సరిగా రాని మనిషిని అర్థం చేసుకోవడానికే ఆర్నెల్లు పడుతుంది.

"మొదటి నెల మీరు రావద్దు, మిమ్మల్ని చూస్తే సెట్ కాడు" అంటారు కొందరు. మాకు ముగ్గురు అన్నారు. మొదట్లో బెంగ ఉంటుంది, నిజమే, కానీ నెలరోజులు ఎవరూ చూడకూడని చోట ఎవర్నీ పెట్టకండి. ఫోన్ కూడా అంతే, వీడియో కాల్‌లో మనవాడు ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు కూర్చుంటేనే మాట్లాడుతున్నాడంటే ఆలోచించాల్సిందే.

ఆడపిల్లల విషయం వేరేగా చెప్పాలి. చేర్చుకోవాలంటే గర్భసంచి తీయించి రండి అని ఇప్పటికీ అడిగే చోట్లున్నాయని ఒక తల్లి నాతో చెప్పింది, నెలసరి శుభ్రం చేసే పని తప్పుతుందని. 1994లో మహారాష్ట్రలో శిరూర్ ప్రభుత్వ హోమ్ అమ్మాయిలకు పుణె ఆస్పత్రిలో ఇలాగే ఆపరేషన్లు చేస్తే దేశమంతా గొడవైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా ఎవరికీ పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం చేయకూడదు. పైగా గర్భసంచి తీసేస్తే లైంగిక దాడి ఆగదు, గర్భం రాదు కాబట్టి ఆ దాడి బయటపడే దారి మూసుకుపోతుంది. ఆ మాట అన్న హోమ్‌లో అమ్మాయిని పెట్టకండి. ఆడవాళ్లుండే చోట రాత్రి డ్యూటీలో ఆడమనిషి ఉండి తీరాలి, స్నానం చేయించేదీ ఆడమనిషే కావాలి.

కాగితాలు

త్వరగా చెబుతాను. 2016 చట్టం ప్రకారం వికలాంగుల సంస్థ ఏదైనా రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు, ఆ సర్టిఫికెట్ కనిపించేలా పెట్టాలి. అడిగితే చాలామంది సొసైటీ రిజిస్ట్రేషన్ చూపిస్తారు, అది సంస్థ పుట్టిందనడానికి కాగితం, హోమ్ నడపడానికి కాదు. నేషనల్ ట్రస్ట్ రిజిస్ట్రేషన్ మళ్లీ వేరు. ఆ ట్రస్ట్ పథకాల్లో 18 దాటినవాళ్లకు జీవితాంతం ఉండే గ్రూప్ హోమ్‌ల కోసం ఘరౌందా, కొన్నాళ్లు ఉంచి చూసుకునే సదుపాయం కోసం సమర్థ్ అని ఇదివరకు వేరువేరుగా ఉండేవి, ఇప్పుడు రెండూ కలిపి సమర్థ్-కమ్-ఘరౌందా అనే ఒకే పథకం. నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి 1 లక్ష వరకు ఇస్తుంది, హోమ్‌లో చేర్చేముందే తీసుకోండి.

18 నిండాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే చట్టప్రకారం సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అమ్మ బాగున్నప్పుడే ఆవిడ పేరుతో పెట్టి, తర్వాత నా పేరుకు మార్పించే సంగతీ మాట్లాడుకున్నాం. సంరక్షకుడైనవాళ్లు ఆర్నెల్లలో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. హోమ్ యజమానే సంరక్షకుడినవుతాను అంటే నేనైతే ఒప్పుకోను, చూసేవాడూ అడిగేవాడూ ఒకరే అయితే ఇక అడిగేదెవరు.

పింఛను మర్చిపోకండి. ఆంధ్రాలో వికలాంగుల పింఛను 6,000, తెలంగాణలో 4,016. ఆంధ్రాలో నెల మొదట్లో సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు కాబట్టి మనిషి వేరే ఊళ్లో హోమ్‌లో ఉంటే ఏంటన్నది ముందే కనుక్కోండి. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, వీటి ఒరిజినల్స్ హోమ్‌కు ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఏ స్థాయి సాయం కావాలో మీకే అంతు చిక్కకపోతే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, పాతవాళ్లకు ఎన్ఐఎంహెచ్ అంటే తెలుస్తుంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ అసెస్‌మెంట్ చేయించి ఆ కాగితంతో హోములు చూడటానికి వెళ్లండి, చాలా ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

మేం ఎంచుకున్నది

పెచ్చులూడిన గోడల ఇల్లే. ముందు పదిహేను రోజులు ట్రయల్, వారాంతం ఇంటికి, మళ్లీ పదిహేను రోజులు. వెళ్లేముందు అమ్మ చెబుతుంటే నేను రెండు పేజీలు రాశాను. టీ చల్లారబెట్టి ఇవ్వాలి. నొప్పి అని చెప్పడు, చెయ్యి కొరుక్కుంటే పంటినొప్పో చెవిపోటో చూడండి. ఎర్ర చొక్కా వేయొద్దు, ఎందుకో తెలియదు. "పోతా" అంటే ఊరికి కాదు, బాత్రూంకి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వంటింటి తలుపుకు తగిలించారు.

అంతా బాగుందని చెప్పను. నవంబర్‌లో రాత్రి డ్యూటీ మనిషి మానేస్తే రెండు వారాలు వంటమనిషే పడుకుంది, మాకు చెప్పలేదు, వాదన అయింది. బట్టలు ఇప్పటికీ కలిసిపోతాయి, పోయినసారి ఎవరిదో ప్యాంటులో వచ్చాడు. నెలకు రెండుసార్లు చెప్పకుండా వెళ్తాను, వాళ్లకూ అలవాటైంది. మొన్న ఆరింబావుకు వెళ్తే తమ్ముడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ముందు స్టీలు గ్లాసులో టీ, చల్లారుతోంది. నన్ను చూసి లేవలేదు. "అక్కా, ఆగు" అన్నాడు.